పంటి నొప్పి

తెల్లవారినప్పటి నుంచి ఆకాశం ముసురు పట్టి ఉంది. సందు చివర బోర్డు లేని భోజనాల గదిని వెతుక్కుంటూ, గొడుగు ముడిచి పత్రికాయన లోపలికి వచ్చాడు.

వంటామె గుర్తుపట్టింది. రెండేళ్ల కిందట పెద్దవీధిలో తనూ భర్తా నడిపిన హోటల్ గురించి "ఈ వంట నోట పెట్టలేం" అని రాసి, మూతపడేలా చేసింది ఈయనే. ఆయన ఆమెను ఎరగడు.

ఆయన గిన్నెలో కూర పోసి, గుప్పెడు ఉప్పు కలిపింది.

"ఒసే, ఏంటా పని?" భర్త గొంతు తగ్గించాడు.

"మన పొట్ట మీద కొట్టాడు. కక్కుకుంటూ పోనీ."

పత్రికాయన గిన్నె ఖాళీ చేశాడు. "ఉప్పూ కారం తూచి వేసినట్టున్నాయమ్మా!"

భర్త గిన్నె అడుగున వేలు పెట్టి నాకి, తుపుక్కున ఉమ్మాడు. "బాబూ, మీకు రుచి తెలుస్తోందా అసలు?"

ఆయన మొహం పాలిపోయింది. "మూడేళ్ల కిందట జ్వరమొచ్చి నాలుకకి రుచి తెలియకుండా పోయింది. పక్కన తినేవాళ్ల మొహాలు చూసి రాస్తున్నా. ఎవరికీ చెప్పకండి, ఉద్యోగం పోతుంది."

"పెద్దవీధిలో మా హోటల్‌కొచ్చారు. అప్పుడెవరి మొహం చూశారు?" అంది వంటామె.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "మీదా అది? పక్కబల్ల దగ్గర ఎర్ర తలపాగా ముసలాయన... ముద్దముద్దకీ మొహం చిట్లించాడు."

"ఆయనకి పంటి నొప్పయ్యా!" అన్నాడు భర్త. "అయినా రోజూ మా దగ్గరికే వచ్చేవాడు."

వంటామె నవ్వలేదు. "ఈ సంగతి రేపటి పేపర్లో మీరే రాయండి. లేదంటే మేం చెప్తాం."

ఆయన తలూపాడు.

ఆమె వేరే కూర తెచ్చి మూడు కంచాల్లో వడ్డించింది. ముగ్గురూ తినడానికి కూర్చున్నారు. పత్రికాయన అలవాటు కొద్దీ ముద్దముద్దకీ వాళ్ల మొహాలకేసి చూశాడు. ఇద్దరూ కనురెప్ప కూడా కదపకుండా తిన్నారు.