నల్ల మార్కర్

ఆ పేజీ తెరవగానే జమాలుద్దీన్ పళ్ళు పటపటా కొరికాడు.

రియాద్‌లో విదేశీ పుస్తకాల గోదాము అది. బొమ్మల్లో ఒళ్ళు కనిపించే చోటల్లా నల్ల మార్కర్ పూసి దుకాణాలకు వదలడం అతని పని. 2004లో, ఆ వేళ వచ్చినవి లొరెంజెత్తి అనే ఇటలీ విమర్శకుడి పుస్తకాలు. జీవితమంతా సేకరించిన చిత్రాలు, ఒక్కోదాని కిందా ఆయన వ్యాఖ్య. మనిషి పోయాడు. ఇక ఆయన పేరు నిలబెట్టేది ఈ పుస్తకమేనట.

పక్క బల్ల నుంచి భూషణం తొంగి చూశాడు. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి బొమ్మ. ఎర్రటి కళ్ళు. చుట్టూ పొగ.

"ఒంటినిండా చీర ఉంది కదయ్యా జమాలూ! దీనికేం పూస్తావ్?"

"కింద ఏం రాసినాడో చదువన్నా."

భూషణం ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పాడు. "'కడప ఉరుసులో ఎవరో కుర్రాడి దగ్గర కొన్నాను. ఈమె వేశ్య. విప్పిన జుట్టు, మత్తెక్కిన కళ్ళు, గదినిండా పొగ. వేరే సాక్ష్యం అక్కర్లేదు.' ఓర్నాయనో! పండితుడంటే వీడేనయ్యా. పొగ చూసి కొంప పట్టేశాడు!"

"నవ్వొద్దు."

"అయిదు పూటలా నమాజు చేసేవాడివి, మండుద్దిలే. కానీ రూల్లో లేనిది పూశావంటే ముదీర్ ఊరుకోడు. ఎగ్జిట్ కొట్టి విమానం ఎక్కించేస్తాడు."

"ఎక్కించనీ. సచ్చినోడు సచ్చినా వదల్ను."

ఒక్కో పుస్తకమే తీశాడు. అదే పేజీ. మార్కర్ మొన అరిగేదాకా కసిగా రుద్దాడు. వేళ్ళు నల్లబడ్డాయి. అసర్ నమాజుకు అందరూ లేచారు. అతను లేవలేదు.

సాయంత్రం ముదీర్, అదే మేనేజరు, వచ్చేసరికి పుస్తకాల లారీ గేటు దాటిపోయింది. బల్ల మీద ఒక్కటే మిగిలింది. ముదీర్ తెరిచాడు. ఆ పేజీ దగ్గర ఆగిపోయాడు.

"ఎవడు చేశాడు ఇది?"

"నేనే."

"అన్నిట్లోనూ ఇంతేనా?"

"అన్నిట్లోనూ."

"ఖలాస్! రేపే నీకు ఎగ్జిట్."

జమాలుద్దీన్ మార్కర్‌కు మూత పెట్టాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

భూషణం పుస్తకం లాక్కుని చూశాడు: లొరెంజెత్తి రాసిన ఒక్క అక్షరం మిగల్లేదు, మరక అంటనిది ఆ బొమ్మ ఒక్కటే - శుక్రవారం తలంటు పోసుకుని, కళ్ళు మండుతున్నా సాంబ్రాణి పొగకు జుట్టు ఆరబెట్టుకుంటుంటే, కుర్రతనంలో జమాలుద్దీన్ ఎదురుగా కూర్చుని గీసుకున్న వాళ్ళమ్మ.