గోడ పలక చివరి ప్రశ్న

తమ్ముడి ఇంట్లో రత్నం చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ప్రతి ఇంట్లోనూ బడివాళ్లు బిగించిన మాట్లాడే గోడ పలక ముందు మేనకోడలు ఇందుజ నిలబడింది. రెండో తరగతి భాషా లక్ష్యాల్లో ఇంకొక్కటే మిగిలింది. ఈరోజు ఇంట్లో జరిగింది వరసగా చెప్పాలి.

"పిల్లి పాలు తాగింది," అంది ఇందుజ.

"అది ఈరోజు జరగలేదు," అంది పలక. అది పగలంతా వింటూనే ఉంటుంది.

వంటింట్లోంచి తల్లి సుజన వచ్చింది. "జరిగిందేదో చెప్పి ముగించవే! నీకు మాటలు నేర్పుతుందనేగా మీ అత్తని ఏడాదిగా మేపుతున్నాం."

"మేపడానికి నేనేమన్నా గేదెనా?" అని రత్నం పిల్లవైపు తిరిగింది. "మొదలు, మధ్య, చివర. ఎవరి మాట వాళ్ల గొంతుతోనే చెప్పు తల్లీ."

ఇందుజ ఊపిరి పీల్చుకుంది. "పొద్దున అమ్మా నాన్నా కాఫీ తాగారు. 'మీ అక్కని ఇంకెన్నాళ్లు భరించాలండీ?' అంది అమ్మ. 'పిల్ల లక్ష్యాలు పూర్తి కానీ, మర్నాడే పొమ్మందాం' అన్నాడు నాన్న."

ఆ గొంతు అచ్చం తమ్ముడిదే.

"నోర్ముయ్!" అని అరిచింది సుజన.

"మధ్యలో ఆపకూడదు. తర్వాత?" అంది రత్నం.

"తర్వాత ఇద్దరూ నవ్వారు. అప్పుడు నువ్వు పెరట్లో నా గౌను ఉతుకుతున్నావత్తా."

"చాలా బాగా చెప్పావు," అంది పలక. "నీ లక్ష్యాలన్నీ పూర్తయ్యాయి."

ఇందుజ చప్పట్లు కొడుతూ అత్తవైపు చూసింది. రత్నం మిగిలిన కాయల్ని సుజన ముందుకు జరిపింది. కొంగుతో చేతులు తుడుచుకుని, చెప్పులు వేసుకుని గడప దాటింది.