మూరెడు కొప్పు

“అక్కా, మనిషి పడ్తది గని గది పట్టది,” అన్నాడు ఆటో దేవేందర్, రుచిత నెత్తి వైపు చూస్తూ.

“జర వంగి కూసోవే,” అంది స్రవంతి.

“వంగితే కూలుతదక్కా. ఇప్పటికే నా మెడ పోయింది.”

స్రవంతికి ఏడుపొక్కటే తక్కువ. జనగామలో బ్యూటీ పార్లర్ పెట్టిందన్న మాటేగానీ, వచ్చేవాళ్లంతా కనుబొమ్మల కోసమే. ఇవాళ కాలేజీ దసరా సంబరాలకు ముఖ్య అతిథిగా వస్తున్న కమలాదేవి ఇంట్లో వచ్చే నెల పెళ్లి. ఆవిడ కంట్లో పడితే పెళ్లికూతురి ముస్తాబు తనదే. అందుకే ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి వెళ్తున్న రుచితను బతిమాలి కూర్చోబెట్టి, పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సు రాణులు పెట్టుకున్న కొప్పు కట్టింది. లోపల తీగెల బుట్ట, దూది, సవరాలు. కొసన అట్టతో చేసిన ఓడ. ఆ రాణులు ఈకలు కూడా దోపుకునేవాళ్లట. బజారంతా గాలించినా ఒక్క ఈకా దొరకలేదు. విసుగొచ్చి, సందులన్నీ పూలతో నింపేసింది.

ఇక నడకే దిక్కు. దారిలో ఫ్లెక్సీ తాడు తగిలి ఓడ కింద పడింది. వెనకొచ్చిన ట్రాక్టర్ దాన్ని తొక్కుకుంటూ పోయింది.

“నెత్తికి ఏమైంది బిడ్డా, దవాఖానకేనా?” అని ఎదురొచ్చిన అవ్వ జాలిపడింది.

“కాదవ్వా, ఫ్రాన్సుకు,” అంది రుచిత పళ్లు కొరుకుతూ.

తీరా వెళ్తే మొదటి బహుమతి సుమ అనే పిల్లకిచ్చారు. ఆ పిల్ల చేసిందల్లా ఖాకీ చొక్కా తొడుక్కుని “టికెట్, టికెట్” అని అరవడం. రెండోదీ, మూడోదీ కూడా ఇంకెవరికో పోయాయి.

“పొద్దటి సంది నిలబడి కట్టిన. కండక్టర్‌కు ఇచ్చిన్రు ప్రైజు,” అంది స్రవంతి. “కూసో, పిన్నులు పీకేస్త.”

“పీకక్కా, పుణ్యముంటది.”

“ఆగున్రి, ముట్టకున్రి.”

సాక్షాత్తూ కమలాదేవి. స్టేజీ దిగి వచ్చి రుచిత చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. ఒక్కో వరుసనూ కళ్లప్పగించి చూసింది.

“ఎవరు పేర్చిన్రు గిది?”

“నేనే మేడమ్,” అంటూ స్రవంతి ముందుకొచ్చింది.

“గింత ఓపికగ ఎవరు చేస్తున్నరమ్మా ఈ కాలంల? చెయ్యి తిరిగినదానివి.”

స్రవంతి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ ఊళ్లో తన పనితనం తెలిసిన మనిషి ఒక్కరైనా ఉన్నారు. పడ్డ పాట్లన్నీ మరిచిపోయింది.

కమలాదేవి మైకు అందుకుంది. “బతుకమ్మల పోటీల ఫస్టు ప్రైజు గీ పిల్ల నెత్తి మీదిదే. ఇగ నడువున్రి, చెరువుల ఏసొద్దాం.”