సేవ్ నొక్కకముందే

“తొందరగా కానీ ఐజాకన్నా! చీర చూపిస్తాంటే బొమ్మ నిలిచిపోతాండాది. బెంగుళూరోళ్లు ఫోన్ పెట్టేస్తారు.”

ధర్మవరంలో ఆ పట్టుచీరల దుకాణం పద్మజది. చేతిలో వీడియో కాల్, భుజం మీద చీర, కాలు ఒకచోట నిలవడం లేదు. నెట్ బాగుచేయడానికి వచ్చిన ఐజాక్ నెట్‌వర్క్ స్విచ్‌కు లాప్‌టాప్ తగిలించి, లైనంతా ఏది తినేస్తున్నదో చూశాడు.

“మగ్గం కాడి కెమెరామ్మా. ఎదురుగా ఏదన్నా కదిలేకొద్దీ అది లైను తింటాది. మీ నాయన చెయ్యి ఊరికే ఉండదు గదా.”

“పోయిన నెల కండ్లు తిరిగి పడినాడని పెట్టించినా. నేయొద్దంటే వినడు. దాన్ని అన్నిటికన్నా కిందికి తోసెయ్యన్నా. నా కాల్ పైన పెట్టు.”

ఐజాక్ ప్రయారిటీ సెట్టింగులు తెరిచి వీడియో కాల్‌ను మొదటికి, కెమెరాను చివరికి మార్చాడు. సేవ్ నొక్కబోతుంటే పద్మజ గట్టిగా నవ్వింది.

“సరిపాయ! అద్దం మాదిరి కనపడతాండాదంట. ఏం చేసినావన్నా?”

ఐజాక్ తెర వైపు చూశాడు. కెమెరా ఆన్‌లోనే ఉంది, దాని లైను మాత్రం దాదాపు ఖాళీగా ఉంది.

“నేనింకా ఏమీ చేయలేదమ్మా.”

పద్మజ చీర తొక్కుకుంటూ మగ్గం గదికి పరుగెత్తింది.