చివరి రెండు పేర్లు

"ముందు ఒక్క మాట చెప్పండి బాబూ, ఆ బంతి ఎంత గట్టిగా ఉంటుంది?"

కోచ్ అశోక్ కాగితం మీంచి తలెత్తాడు. మైదానం పక్కనున్న రేకుల షెడ్డు గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. చంకలో గొడుగు, చేతిలో అరటిపళ్ల సంచి, మొహం నిండా చెమట.

"రాయిలా ఉంటుందమ్మా. ఇంతకీ మీరు...?"

"తల్లినండీ. పేరు మాత్రం అడక్కండి. నేనిలా వచ్చినట్టు తెలిస్తే వాడు నా మొహం చూడడు."

అశోక్‌కి అర్థమైంది. అతను వైజాగ్ నుంచి ఈ మిల్లు హాకీ జట్టుకి కోచ్‌గా వచ్చి మూడు వారాలే అయింది. అంతకు ముందే సందీప్, గణేష్‌బాబు అని ఇద్దరు కుర్రాళ్లని నాలుగు నెలలు ఆడించి చూద్దామని తీసుకున్నారు. ఇద్దరికీ ఇంకా ఇరవై నిండలేదు. గడువు ఈ రోజుతో సరి. జట్టులో ఆడే పదహారు పేర్ల లిస్టు అయిదింటికల్లా మేనేజరుగారికి అందాలి. ఆరింటికి ఆయన ఆ లిస్టు పట్టుకుని హైదరాబాద్ రైలెక్కేస్తారు. పద్నాలుగు పేర్లు రాసేశాడు. మిగిలినవి రెండు.

"కూర్చోండమ్మా. దిగులు పడకండి. కుర్రాళ్లిద్దరూ బాగా ఆడుతున్నారు. వాళ్ల పేర్లే రాయబోతున్నాను."

ఆవిడ కుర్చీలో కూలబడింది. "ఇంకా రాయలేదు కదా?"

"లేదు."

"అమ్మయ్య! రాయకండి."

అశోక్ చేతిలో పెన్ను ఆగిపోయింది. పేరు రాయమని బతిమాలే తల్లుల్ని చూశాడు గానీ, ఇలాంటి తల్లిని చూడలేదు.

"ఏం ఆటగాళ్లండీ వాళ్లు? మీసం కూడా సరిగా రాలేదు. అవతల జట్టువాళ్లు దున్నపోతుల్లా మీదకొస్తే ఏమైపోతారు?"

"మొన్న గణేష్‌బాబు ఎలా అడ్డుకున్నాడో తెలుసా అమ్మా?"

"మొన్న అడ్డుకున్నాడు. రేపు పళ్లు రాలితే? పెళ్లి కావలసిన పిల్లలండీ. బోసినోటితో పెళ్లిచూపులకి వెళ్తారా? పళ్లతో పోతే అదృష్టమే. పెనాల్టీ కార్నర్ కొడితే ఆ బంతికి ఎదురు పరిగెత్తాల్సింది వాళ్లే కదా? మోకాలి చిప్పకి తగిలిందంటే పన్నెండు రోజులు వాపు. పదమూడో రోజుకి దిగుతుందనుకోండి, మెట్లెక్కితే మళ్లీ మొదలు."

"మీకు ఆట బాగానే తెలుసే!"

"ఇంట్లో ఆడేవాడుంటే తెలియకేం చేస్తుంది? వేణ్ణీళ్లు కాచేది నేనేగా."

అశోక్ నవ్వాడు. వెంటనే నోరు మూసుకున్నాడు గానీ, ఆవిడ అప్పటికే చూసేసింది.

"ఆ పై పన్ను కట్టించుకున్నదేనా బాబూ?"

"ఇరవయ్యో ఏట స్టిక్ తగిలి..."

"అయ్యో అయ్యో! ఆ రోజు మీ అమ్మగారు ఏమైపోయారో!"

అశోక్ నాలుకతో ఆ పన్ను తడుముకున్నాడు. వాళ్లమ్మ ఆ పది రోజులూ సరిగా తినకుండా తనకి గంజి పట్టింది. వైజాగ్‌కి ఎస్టీడీ చేసి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు.

"కానీ అమ్మా," అన్నాడు గొంతు తగ్గించి, "వీళ్లని తీసేస్తే ఆ రెండు చోట్లా పాతవాళ్లే ఆడాలి. అచ్చిబాబు, పాపారాజు. ఇద్దరికీ ముప్ఫై అయిదు దాటాయి. బంతి వెళ్లిపోయాక వంగుతారు."

"వంగుతున్నారుగా, చాలదూ?"

"పరిగెత్తలేరమ్మా."

"పరిగెత్తితేనే కదండీ పడేది! నిలబడి ఆడతారు. పోవలసిన పళ్లు ఎప్పుడో పోయాయి, వాళ్లకి కొత్తగా పోయేదేముంది?"

"వాళ్లకి నష్టం లేదులెండి. మిల్లు స్టోర్స్‌లో కుర్చీ వేస్తారు, హాయిగా కూర్చుంటారు."

"కూర్చుంటేనా!" ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. "మా వీధిలో ఒకాయన్ని అలాగే కూర్చోబెట్టారు. ముందు షుగరొచ్చింది, తర్వాత బీపీ, ఆ తర్వాత రోజూ పెళ్లాంతో తగువు. ఆ ఉసురు మీకెందుకు బాబూ? దసరా దాకా ఆగండి. ఈలోపు పిల్లల ఎముకలూ ముదురుతాయి."

అశోక్ ఇంకా తటపటాయిస్తూనే ఉన్నాడు. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది.

"వాణ్ణి చూడలేకపోతున్నానండీ. నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు. ఈ లిస్టు గురించే, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు."

"భయపడుతున్నాడా?"

"చచ్చేంత భయం. పైకి చెప్పడు."

అశోక్ కిటికీలోంచి చూశాడు. సందీప్, గణేష్‌బాబు బంతి వెంట పరిగెడుతున్నారు. ఇద్దరిలో ఎవడా భయపడుతున్నది? ఎవడైతేనేం? భయంతో ఆడేవాడికే దెబ్బ తగులుతుంది. చూస్తుండగానే ఇద్దరూ అతని కళ్లకి బోసినోళ్లతో, కుంటుతూ కనిపించారు.

గబగబా చివరి రెండు పేర్లూ రాశాడు. అచ్చిబాబు, పాపారాజు. సంతకం పెట్టి ఆఫీసు ప్యూను చిట్టియ్యని పిలిచాడు. చిట్టియ్య కాగితం మడిచి జేబులో పెట్టుకుని సైకిలెక్కాడు.

"మీ అమ్మ కడుపు చల్లగుండ!" ఆవిడ సంచిలోని చక్రకేళి పళ్ల అత్తం బల్ల మీద పెట్టి, గొడుగు విప్పుకుని బయల్దేరింది.

ఆట ముగించి కుర్రాళ్లిద్దరూ రొప్పుతూ వచ్చారు.

"సార్, లిస్టులో ఉన్నామా?"

"దసరా తర్వాత చూద్దాంలేవయ్యా."

ఇద్దరి మొహాలూ మాడిపోయాయి. గణేష్‌బాబు స్టిక్ కింద పెట్టేశాడు.

"ఏం తప్పు చేశాం సార్?"

"తప్పేం లేదు. ఇంట్లో అమ్మ బెంగ కూడా చూసుకోవాలి కదా! పాపం, కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అదిగో, గేటు దాటుతున్నారు. మీలో ఎవరి అమ్మగారో గానీ, వెళ్లి ఆటో ఎక్కించి రండి."

ఇద్దరూ గేటు వైపు చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆవిడ అచ్చిబాబు గారి అమ్మగారు సార్," అన్నాడు సందీప్.