తమ్ముడి రాత

“గీ రాత ఈ పాళీతోని వస్తదా, పెద్దయ్యా?”

వచ్చినతను చిరిగిన కాగితం ముక్కనూ ఒక కొత్త పెన్నునూ సిద్దిరాములు ముందున్న చెక్కపెట్టె మీద పెట్టాడు. జగిత్యాల కచేరీ ఎదుట ఆ పెట్టె వేసుకుని పెన్నులు బాగుచేయబట్టి సిద్దిరాములుకు ఇరవై ఏళ్ళు. వంగిన పాళీని సరిచేసేవాళ్ళు బజారులో ఇంకో ఇద్దరున్నారు. మనిషి చేతివాటాన్ని చూసి, దానికి తగ్గట్టు పాళీ మొనను సాన మీద అరగదీయడం మాత్రం ఆయనొక్కడికే తెలుసు.

ఆయన భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. కాగితం మీద నాలుగంటే నాలుగు వాక్యాలు. గుండ్రటి తెలుగు. నిలువు గీతలు బలంగా, అడ్డగీతలు వెంట్రుకవాసి. రాసిన మనిషి పెన్నును ఎడమకు ఒరిగించి పట్టుకుంటాడు. రాసి రాసి పాళీ ఒకవైపు అరిగిపోయింది.

“ఎవలది బిడ్డా, ఈ రాత?”

“మా తమ్మునిది. నా పేరు రాయమల్లు. మాది ఆదిలాబాద్ దిక్కు.”

“మరి ఆయన పెన్నే తేరాదు? కొత్తదెందుకు?”

రాయమల్లు తల వంచుకున్నాడు. “తమ్ముడు లేడు పెద్దయ్యా. నాలుగు నెలలాయె. పత్తి మిల్లుల పనిచేసెటోడు, కలరా తగిలి పోయిండు. పెన్ను సుత ఏడ వోయిందో తెల్వదు. అవ్వకు చెప్పలే. చెప్తే బతకది. తమ్మునోలె నేనే ఉత్తరాలు రాస్తున్న. అక్షరం కుదిరింది గని గీత కుదురుతలేదు. నా కొడుకు రాత గిట్లుండది అంటది.”

సిద్దిరాములు భూతద్దం దించాడు. ఆయన కొడుకు హనుమంతు సంఘం వాళ్ళ వెంట అడవి పట్టి ఎనిమిది నెలలు దాటింది. బతికున్నాడో లేడో చెప్పే దిక్కు లేదు. భార్య రామవ్వ నోట మాట పోయినట్టే అయింది. రోడ్డు మీద ఏ లారీ చప్పుడైనా ఉలిక్కిపడి లేచి, గడపలో నిలబడుతుంది.

“నాలుగొద్దులు ఆగు బిడ్డా,” అన్నాడు. “కన్నతల్లి సుత తేడా పట్టకుంట చేసిస్త.”

నాలుగు రోజులూ ఆయన వేరే పని ముట్టుకోలేదు. సాన మీద నూనె చుక్క వేసి, మొన ఎడమ అంచును పిసరంత అరగదీయడం, సిరాలో ముంచి గీయడం, ఆ గీతను పాత గీత పక్కన పెట్టి అద్దంలోంచి చూడటం. రెండు పాళీలు పాడయ్యాయి. మూడోదానికి కుదిరింది. అప్పటికి ఆ రాత ఆయనకు కొడుకు ముఖమంత పరిచయమైపోయింది.

అయిదో రోజు రాయమల్లు వచ్చి రెండు వరుసలు రాసి చూశాడు. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి ఒక్కో గీతా పోల్చి చూశాడు.

“మావోడే లేచొచ్చి రాసినట్టున్నది పెద్దయ్యా.”

సిద్దిరాములు కళ్ళు తుడుచుకున్నాడు. “నాకేం ఇయ్యకు బిడ్డా. మీ అవ్వ పైలం.”

అతను వెళ్ళాక ఆయనకు మనసు మనసులో లేదు. ఆ అబ్బాయి తల్లికి చేస్తున్నది తాను రామవ్వకు ఎందుకు చేయకూడదు? హనుమంతు బడి నోటుబుక్కు ఒకటి ఇంట్లో ఉంది. దాన్ని రహస్యంగా తెచ్చుకుని, వారం రోజులు కూర్చుని, ఆ రాతకు ఇంకో పాళీ తయారుచేశాడు. బుధవారం పొద్దుగూకే వేళకు ఉత్తరం పూర్తయింది. ‘అవ్వా, నేను మంచిగున్న. ఫికర్ చెయ్యకు.’ పెట్టె సర్దేసి, ఉత్తరం జేబులో పెట్టుకుని ఇంటికి నడిచాడు.

గడపలో రామవ్వ లేదు. పొయ్యి ముందు కూర్చుని నవ్వుతోంది.

“మన హన్మంతు వచ్చిండు!”

ఎదురుచూసి ఎదురుచూసి దీనికి మతి చలించిందనుకున్నాడు సిద్దిరాములు. ఆయన చేయి జేబు మీదికి పోయింది.

“ఏడున్నడే?”

“మధ్యాన్నం వచ్చి కడుపునిండ తిన్నడు. సగమైండు పోరడు. బాపు తానకు పోరా అంటే, బజార్లకు ఇయ్యాల వద్దన్నడు. బస్సెక్కి ధర్మపురి పోయిండు.” ఆమె మూలనున్న కంచం చూపించింది. ఇంకా కడగలేదు.

సిద్దిరాములు ఆ కంచాన్ని వంగి చూశాడు. “ధర్మపురి ఎందుకు?”

“వాళ్ళ సంఘం పెద్ద దేవదాస్ సారు లేడా, నాలుగు నెలల సంది పత్తా లేకుంట పోయిండట. ఆయనే చీటీ పంపిండట. కేసులన్ని కొట్టేసిన్రు, పొద్దుగూకేవరకు అందరు గోదారి ఒడ్డుకు రండ్రి, రేపు ఎవలిండ్లకు వాళ్ళు పోవచ్చు అని. పది మంది పోరగాండ్లు పోయిన్రు. రేప్పొద్దుగాల ఇంట్ల ఉంటడయ్యా మనోడు!”

ఎనిమిది నెలల తర్వాత సిద్దిరాములు నవ్వాడు. జేబులోని ఉత్తరాన్ని తీసి పొయ్యిలో పడేశాడు. ఇక దానితో పనిలేదు.

“ఏందది?” అంది రామవ్వ.

“ఏం లేదు. ఉత్త కాయితం.”

బయట చీకటి పడింది. రామవ్వ దీపం ముట్టించి, కొంగు ముడి విప్పింది.

“బాపు నమ్మడు, గీ చీటీ చూపెట్టు అని ఇచ్చిపోయిండు. జర సదువు, నేను సుత ఇంట.”

ఆమె పక్కన కూర్చుంది. సిద్దిరాములు చీటీ మడత విప్పి దీపం దగ్గరికి జరిపాడు.

ఆ గీతలు రాయమల్లుకు తాను అరగదీసిచ్చిన పాళీవి.