వీడ్కోలు పుస్తకం

మొదటి దెబ్బ ధర్మయ్య తల మీద పడింది. రెండోది కూడా అక్కడే. మూడో దెబ్బకి అతను లేడు.

భీమశంకరాన్ని మాత్రం చంపదలుచుకోలేదు. ఇద్దరు ఆయన్ని గోడౌను గోడకి అదిమిపట్టారు. మూడోవాడు కుడిచెయ్యి రాతి మెట్టు మీద పెట్టి, ఇనుప రాడ్డుతో వేళ్ళు విరగ్గొట్టాడు. ఆఖర్న దవడ మీద ఒకటి పడింది. ఆస్పత్రిలో, ఆఫీసువాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళాక కళ్ళు తెరిచి చూసుకుంటే, చొక్కా జేబులో చీటీ ఉంది. 'రిపోర్టు రాశావో, ఈసారి నీ పెళ్ళాం.'

ఘాజియాబాద్‌లో పట్టపగలు జరిగింది ఇదంతా. భీమశంకరం ఓ విదేశీ బ్యాంకులో ఇంటర్నేషనల్ ఆడిటర్. ధర్మయ్య ఆయన అసిస్టెంటు. బ్యాంకుకి తాకట్టు పెట్టిన బియ్యం బస్తాలు గోడౌనులో ఉన్నాయో లేదో చూడ్డానికి చెప్పాపెట్టకుండా వెళ్ళారు. బస్తాల్లో ఊక ఉంది. గుమ్మంలో రాడ్లు ఉన్నాయి. ఆ రోజు తనిఖీ ఉందని తెలిసింది ఢిల్లీ ఆఫీసులో, ఆడిట్ గదిలో కూర్చునే ఆరుగురికే. ఆ ఆరుగురిలో ఎవరో ఫోను చేసి చెప్పారు.

చీటీ సంగతి భీమశంకరం పోలీసు ఇన్‌స్పెక్టరుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. భార్య జానకమ్మకి కూడా.

మూడు వారాలకి చేతికి పిండికట్టుతో ఆఫీసుకొచ్చాడు. "దెబ్బ తగిలాక నాకేం గుర్తులేదండీ" అన్నాడు అడిగినవాళ్ళందరితో. రిపోర్టు రాయలేదు. ఆ వారమే హాంకాంగ్ హెడ్డాఫీసు నుంచి ఫ్యాక్స్ వచ్చింది. నెలాఖరుకి భీమశంకరం రిటైరవుతున్నారు, వీడ్కోలు ఏర్పాటు చేయండి అని. జుట్టు ముగ్గుబుట్టయిన మనిషి. ఎవరికీ ఆశ్చర్యం వెయ్యలేదు. ముసలాయన బతికి బయటపడ్డాడు, పోనీలే అనుకున్నారు.

మన ఆఫీసుల్లో మనిషి మంచితనం అతను వెళ్ళిపోయే రోజు సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర దాకానే బయటపడుతుంది. ఆ రోజూ అంతే. బంతిపూల దండ వేశారు. నిజాయితీ అన్నారు, క్రమశిక్షణ అన్నారు. ధర్మయ్య పేరు ఒక్కరూ ఎత్తలేదు.

అప్పుడు తలుపు తోసుకుని గౌరి వచ్చింది. ధర్మయ్య భార్య. ఆర్.కె. పురం నుంచి బస్సులో వచ్చింది.

"నా మొగుణ్ణి గొడ్డును కొట్టినట్టు కొట్టి చంపిన్రు. మీరు దండేసుకొని సమోసలు తింటున్నరా సార్?"

భీమశంకరం లేచి నిలబడ్డాడు.

"మీ ఎంబడి రాకుంటే ఆయన బతికెటోడు. ఒక్కని పేరన్న చెప్పనీకి నీకు నోరు రాదా?"

గౌరి టేబుల్ మీది స్టీలు ట్రే తీసి ఆయన ముఖాన కొట్టింది. సమోసాలు చెల్లాచెదరయ్యాయి. దవడ మీది మానుతున్న గాయం పగిలి రక్తం దండ మీదికి కారింది. మళ్ళీ ఎత్తబోతే ఇద్దరు పట్టుకుని ఆమెని వెనక్కి లాగారు.

"వదలండి. ఆమె తప్పేం లేదు" అన్నాడు భీమశంకరం.

గౌరి నేల మీద ఉమ్మేసి వెళ్ళిపోయింది.

మేనేజరు కార్యక్రమం ముగిద్దామన్నాడు. భీమశంకరం ఎడమచేత్తో సంచిలోంచి కొత్త నోటు పుస్తకం ఒకటి తీశాడు.

"బహుమతులేం వద్దు. ఆడిట్ గదిలో ఇన్నాళ్ళు నాతో కూర్చున్న మీరు ఆరుగురూ తలా ఒక పేజీ రాసివ్వండి. హిందీలో రాయండి. మా ఆవిడకి ఇంగ్లీషు రాదు. హిందీ ప్రవీణ పరీక్ష ప్యాసయింది. ఇన్ని దెబ్బలు తిన్న మొగుడు ఎవరికైనా పనికొచ్చాడో లేదో చదువుకుంటుంది."

ఆ మాటకి ఆరుగురిలో ఒకరైన మైథిలి కళ్ళు తుడుచుకుంది. స్కూలు వదిలాక హిందీ ముట్టనివాళ్ళు తలలు గోక్కుంటూ, గుణింతాలు పక్కవాళ్ళనడుగుతూ రాశారు. ఆఖర్న రఘువీర్ వంతు వచ్చింది. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన కుర్రాడు. తెలుగు మాట్లాడతాడు గానీ రాయలేడు. అందరికంటే ముందు జేబురుమాలు తీసి ఆయన రక్తం తుడిచింది అతనే.

"ముందు డాక్టరు దగ్గరికెళ్దాం బాబాయ్ గారూ. పిన్నిగారికి రేపు రాసిస్తాను."

"ఇప్పుడే రాయి బాబూ."

రఘువీర్ పేజీ నిండా రాశాడు. మీలాంటి మనిషి ఈ బ్యాంకుకి మళ్ళీ దొరకడు, మీరూ పిన్నిగారూ నూరేళ్ళు చల్లగా ఉండాలి అని రాశాడు. రాస్తుంటే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నిజం నీళ్ళే. బతికిపోయాననుకున్నవాడికి కూడా ఏడుపొస్తుంది.

మర్నాడు పొద్దున్న ఘాజియాబాద్ ఠాణాలో ఇన్‌స్పెక్టర్ త్యాగీ చీటీని ఒక్కొక్క పేజీ పక్కనా పెట్టి చూశాడు. ఆరో పేజీ దగ్గర ఆగాడు. ఇంకో రెండుసార్లు చూసి, జీపు తియ్యమని కేకేశాడు.

"మీది అదృష్టం సాబ్" అన్నాడు బెల్టు బిగించుకుంటూ. "చీటీ చూస్తే హిందీలో ఉంది. మీ ఆఫీసులో కాగితాలన్నీ ఇంగ్లీషే. వాళ్ళని ఠాణాకి పిలిచి రాయిస్తే రాత మార్చేసేవాళ్ళు. సరిగ్గా ఈ నెలలోనే మీ రిటైర్‌మెంటు వచ్చింది కాబట్టి సరిపోయింది."

దవడ నొప్పికి భీమశంకరం మాట మెల్లగా వచ్చింది.

"నా రిటైర్‌మెంటుకి ఇంకా నాలుగేళ్ళుంది."